ముందు మందు - ఆ తర్వాత కారణం

చంటిపిల్లకి ఒళ్ళంతా దద్దుర్లు లేస్తేనో, జలుబుతో రాత్రంతా సతాయిస్తేనో ఒకప్పుడు డాక్టర్లు ఫెనెర్గాన్ సిరప్ రాసిచ్చేవారు. ఇప్పుడు మరీ పసివాళ్ళకి ఇవ్వద్దంటున్నారు గానీ, ఆ సీసా చూడని ఇల్లు లేదంటే అతిశయోక్తి కాదు. చెంచాడు పట్టిస్తే దద్దుర్లూ తగ్గేవి, పిల్లా నిద్రపోయేది, తల్లీ నాలుగు మెతుకులు నోట్లో వేసుకునేది. ఆ సిరప్‌కీ, స్కిజోఫ్రీనియా అనే మనసు జబ్బుకి వాడే మొట్టమొదటి మాత్రకీ దగ్గర చుట్టరికం ఉందంటే మీరు నమ్ముతారా? రెండూ అక్కచెల్లెళ్ళ బిడ్డలు. ఇక ఆ వంశానికి మూలపురుషుడు ఎవరో చెబితే మరీ ఆశ్చర్యపోతారు. బట్టలకి అద్దే నీలంరంగు!

1876లో జర్మనీలో మిథిలీన్ బ్లూ అనే రంగు తయారైంది. 1883లో దాని మర్మం విప్పుతూ ఒక రసాయన శాస్త్రజ్ఞుడు ఫెనోథయజీన్ అనే పదార్థాన్ని చేశాడు. అది కొన్నాళ్ళు గొర్రెల కడుపుల్లో పురుగులకి మందుగా పనికొచ్చింది. 1940లలో ఫ్రాన్సులో రోన్ పూలెంక్ కంపెనీవారు దానికి తోకలు తగిలించి అలర్జీ మందులు చేశారు. ఫెనెర్గాన్ అలా పుట్టిందే. ఈ మందులన్నిటికీ ఒకటే లోపం, నిద్ర ముంచుకొస్తుంది. అయితే ఒకరికి లోపమైనది ఇంకొకరికి వరమవుతుంది కదా. హెన్రీ లబోరీ అని ఫ్రెంచి నౌకాదళంలో సర్జన్ ఒకాయన ఉండేవారు. ఆపరేషన్ బల్లమీద రోగి భయంతో, దెబ్బతో నీరసించి ప్రాణం మీదికి తెచ్చుకోకుండా చూడటమెలా అన్నది ఆయన బెంగ. ఈ మందులిస్తే రోగులు మెలకువగానే ఉండి, ఏమీ పట్టనట్టు నిశ్చింతగా ఉండటం ఆయన గమనించారు. ఇంకా గట్టిది కావాలన్నారు. 1950 డిసెంబరులో అదే కంపెనీలో పాల్ షార్పాంత్యే అనే ఆయన క్లోర్‌ప్రోమజీన్ తయారుచేసి పెట్టారు.

సర్జను వాడుకునే మందు మానసిక వైద్యుల చేతికి వచ్చింది 1952లో. ఆ ఏడాది జనవరిలో పారిస్ సైనికాసుపత్రిలో ఉద్రేకంతో ఊగిపోతున్న 24 ఏళ్ళ యువకుడికి ఇచ్చారు. మూడు వారాల్లో ఇంటికి వెళ్ళాడు. ఆ తర్వాత అదే ఊళ్ళో సెంటాన్ ఆసుపత్రిలో జ్యాఁ డిలే, పియెర్ డెనికర్ అనే ఇద్దరు డాక్టర్లు వరసగా రోగులకి ఇచ్చి చూశారు. అరుపులతో, కేకలతో హోరెత్తే వార్డులు సద్దుమణిగాయి. ఏళ్ళ తరబడి గోడవైపు తిరిగి కూర్చున్నవాళ్ళు పేరు పెట్టి పిలిస్తే పలికారు. లార్గాక్టిల్ అనే పేరుతో ఆ మందు అమ్మకానికి వచ్చింది.

అంతకు ముందు ఏం చేసేవారో తెలిస్తే గానీ దీని విలువ మనకి తెలియదు. ఇన్సులిన్ ఇచ్చి స్పృహ తప్పించేవారు. మంచుగుడ్డల్లో చుట్టేవారు. 1935లో పోర్చుగల్‌లో మోనిజ్ అనే డాక్టరు పుర్రెకి రంధ్రం చేసి, మెదడు ముందు భాగంలోని తీగలు కత్తిరించే పద్ధతి మొదలుపెట్టారు. దానికి 1949లో నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు! బహుమతులిచ్చేవారికి కూడా ఒక్కోసారి కళ్ళు మూసుకుపోతాయి గాబోలు.

ఇంతకీ ఈ కథలో మన దేశం వాటా కూడా ఉంది. అది ఫ్రెంచివాళ్ళ కన్నా ముందుది. సర్పగంధ అని ఒక మొక్క. మన పల్లెల్లో పాతాళగంధి అంటారు. బెంగాలు, బీహారుల్లో దాని వేరుని పిచ్చిమందు అనే పేరుతోనే అమ్మేవారు. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ అనే ఇద్దరు ఆ వేరు ఉన్మాదానికీ, రక్తపుపోటుకీ పనిచేస్తుందని వ్యాసం రాసి ప్రకటించారు. దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం వకీల్ రక్తపుపోటు రోగుల మీద దాని ఫలితాలు ఇంగ్లండు పత్రికలో రాశాక పడమటి దేశాలకి మెలకువ వచ్చింది. 1952లో స్విట్జర్లాండు సీబా కంపెనీవారు ఆ వేరులోంచి రిసర్పిన్ తీశారు. 1954లో న్యూయార్కులో నేథన్ క్లైన్ దాన్ని మానసిక రోగులకిచ్చి, పనిచేస్తోందని రాశారు. మీ అమ్మమ్మగారో, నాయనమ్మగారో బి.పి.కి అడెల్ఫేన్ మాత్ర వేసుకునేవారేమో గుర్తు చేసుకోండి. అందులో ఉన్నది ఈ పాతాళగంధి సారమే.

చిత్రమేమిటంటే రెండు మందులు చేతిలో ఉన్నాయి, రెండూ పనిచేస్తున్నాయి. ఎందుకు పనిచేస్తున్నాయో మాత్రం ఎవరికీ తెలియదు. కారణం తెలియకపోతే ఏమయిందీ, జబ్బు తగ్గుతోందిగా అంటారా? అక్కడే ఉంది తిరకాసు. కారణం తెలియనిచోట మనుషులు ఊరుకోరు, ఎవరో ఒకరి మీద నేరం మోపుతారు. 1948లో అమెరికాలో ఫ్రీడా ఫ్రామ్ రైక్‌మన్ అనే పేరుమోసిన వైద్యురాలు ఒక మాట వాడారు. దాని అర్థం, ‘స్కిజోఫ్రీనియాని పుట్టించే తల్లి’ అని. ప్రేమ లేకుండా, పెత్తనంతో పెంచే తల్లివల్ల బిడ్డకి ఈ జబ్బు వస్తుందట! ఆవిడ స్వతహాగా దయగల మనిషే, రోగులతో గంటల తరబడి ఓపిగ్గా మాట్లాడేవారు. కాని ఆ ఒక్క మాట పాతికేళ్ళకి పైగా పుస్తకాల్లో పాతుకుపోయింది. బిడ్డకి జబ్బు చేసి కుమిలిపోతున్న తల్లిని డాక్టరు ఎదుట ముద్దాయిలా నిలబెట్టింది. మన దగ్గర ఆ పుస్తకం చదవనివాళ్ళు కూడా ‘తల్లి పెంపకం’ అని మూతి విరవటం మానలేదనుకోండి.

ఈ చిక్కుముడి విప్పటానికి నాలుగు కుందేళ్ళు సాయం చేశాయంటే నవ్వకండి.

స్వీడన్‌లో లుండ్ విశ్వవిద్యాలయంలో ఆర్విడ్ కార్ల్‌సన్ అనే డాక్టరు 1957లో కుందేళ్ళకి రిసర్పిన్ ఇచ్చారు. అవి చెవులు వేలాడేసుకుని, ఎక్కడివక్కడ చతికిలబడ్డాయి. పొడిచినా కదలలేదు. అప్పుడు డోపా అనే పదార్థాన్ని సూదిమందుగా ఎక్కించారు. పావుగంట తిరిగేసరికి అవి చెవులు నిక్కించి లేచి కూర్చున్నాయి, గెంతటం మొదలుపెట్టాయి. డోపా శరీరంలో డోపమీన్‌గా మారుతుంది, డోపమీన్ నారడ్రినలిన్‌గా మారుతుంది. డోపమీన్ అంటే మధ్యలో మజిలీ మాత్రమే, దానికి సొంత పని లేదని అప్పటిదాకా అందరి అభిప్రాయం. కార్ల్‌సన్ బృందం కొలిచి చూస్తే కుందేళ్ళ మెదడులో తిరిగి నిండినది నారడ్రినలిన్ కాదు, డోపమీనే. పాలకీ నెయ్యికీ మధ్య ఉన్న వెన్నకి సొంత రుచి లేదని ఎవరైనా అంటే మనం ఒప్పుకుంటామా? అలాంటిదే ఇదీను. అదే ఏడు ఇంగ్లండులో కేథలీన్ మోంటగూ అనే ఆవిడ కూడా మెదడులో డోపమీన్ ఉందని రాశారు. ఆవిడ పేరు చరిత్రలో ఒక మూల ఉండిపోయింది. 1960లో లండన్ సభలో కార్ల్‌సన్ ఈ సంగతి చెబితే అక్కడి పెద్దలు నమ్మలేదు. తలకాయలు అడ్డంగా ఊపారు.

ఆయన ఊరుకోలేదు. 1963లో తనతో పనిచేసే మార్గిట్ లిండ్‌క్విస్ట్ అనే ఆవిడతో కలిసి ఎలుకలకి క్లోర్‌ప్రోమజీన్, బెల్జియంలో 1958లో తయారైన హాలోపెరిడాల్ ఇచ్చి చూశారు. రిసర్పిన్ అయితే మెదడు కొట్లోని సరుకంతా ఖాళీ చేస్తుంది. ఈ కొత్త మందులు అలా చెయ్యలేదు. డోపమీన్ ఎంత ఉండాలో అంతే ఉంది. కాని అది ఖర్చయ్యాక మిగిలే తుక్కు మాత్రం పెరిగింది. అంటే ఏమన్నమాట? పక్కింటావిడ చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుందనుకోండి. గోడ ఇవతలినుంచి మీరు పిలుస్తారు. పలకదు. ఇంకా గట్టిగా పిలుస్తారు, చివరికి కేకలేస్తారు. మీ గొంతులో లోపం లేదు, అవతల చెవి మూసుకుంది. ఈ మందులు డోపమీన్ మాట వినే చెవుల్లో దూది పెడుతున్నాయనీ, అందుకే పంపే కణం మరింత అరుస్తోందనీ వారు ఊహించారు. మందు మానసిక వైద్యుల చేతికి వచ్చిన పదకొండేళ్ళకి మొదటిసారి ఒక సమాధానం దొరికింది.

ఊహ రుజువవటానికి మరో పన్నెండేళ్ళు పట్టింది. 1975 ప్రాంతాల్లో కెనడాలో ఫిలిప్ సీమన్, అమెరికాలో సాలమన్ స్నైడర్ ఎవరి దారిన వారు ఆ ‘చెవి’ని పట్టుకున్నారు. ఏ మందు దానికి ఎంత గట్టిగా అతుక్కుంటుందో, డాక్టరు రాసే మోతాదు అంత తక్కువ. లెక్క గీత గీసినట్టు సరిపోయింది. సీమన్ గారి భార్య మేరీ సీమన్ మానసిక వైద్యురాలు. ఆవిడ చూసే రోగుల బాధే తనని ఈ వెతుకులాటలో పెట్టిందని ఆయన చెప్పుకున్నారు. ఆయన లేబరేటరీలో చెవులు వెతికితే, ఆవిడ వార్డుల్లో ఆడవాళ్ళని వెతికారనాలి. ఆడవాళ్ళకి ఈ జబ్బు మగవాళ్ళకన్నా కొన్నేళ్ళు ఆలస్యంగా వస్తుందనీ, ముట్లుడిగే వయసులో మరోసారి తల ఎత్తుతుందనీ, వయసులో ఉన్న స్త్రీకి మగవాడికిచ్చే మోతాదు ఎక్కువైపోవచ్చనీ ఆవిడ పనిగట్టుకుని రాశారు. అప్పటిదాకా మందుల పరీక్షలన్నీ ఎక్కువగా మగవాళ్ళ మీదే. వంట రుచి చూసేది ఒకరు, తినేది ఇంకొకరు అన్నట్టు!

ఇక మన ఇళ్ళకి సంబంధించిన ముఖ్యమైన ముక్క ఇక్కడుంది. డోపమీన్ మెదడులో ఒకే దారిన పోదు. పెద్దదారులు నాలుగు. ఒకటి ఆశకీ, భయానికీ, కోరికకీ నిలయమైన లోపలి భాగాలకి పోతుంది. అక్కడ పోటు ఎక్కువైతే లేని గొంతులు వినపడటం, అందరూ తన మీద కుట్ర పన్నుతున్నారనిపించటం జరుగుతాయి. ఇటీవల మెదడు ఫోటోలు తీసే యంత్రాలు వచ్చాక ఈ పోటు ఎక్కువయ్యే చోటుని కాస్త పక్కకి జరిపారు గానీ, పోటు మాట నిజమేనని తేలింది. రెండోది నుదుటి వెనకనున్న ముందు మెదడుకి పోతుంది. అక్కడ ఉల్టా, డోపమీన్ చాలటం లేదంటారు. ఏ పనిమీదా మనసు లేకపోవటం, స్నానం కూడా బరువనిపించటం ఆ కొరత వల్లనట. మూడోది కదలికలది. అక్కడ డోపమీన్ కరువైతే చేతులు వణకటం, నడక బిగుసుకోవటం. 1960లో వియన్నాలో పార్కిన్సన్ జబ్బుతో పోయినవారి మెదళ్ళలో ఆ కరువే కనిపించింది. నాలుగోది చిన్న దారి, పిట్యూటరీ గ్రంథికి పోతుంది. పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్‌ని డోపమీన్ అక్కడ అదుపులో ఉంచుతుంది.

మనకి కావలసింది మొదటిదారి చెవుల్లో దూది. మాత్రకి ఆ తేడా తెలియదు, నాలుగు దారుల్లోనూ పెడుతుంది. అందుకే గొంతులు తగ్గిన మనిషికి చేతులు వణుకుతాయి. అందుకే వెంట మరో మాత్ర, పాసిటేన్ లాంటిది, రాస్తారు. ఏళ్ళ తరబడి వాడితే కొందరికి తాంబూలం నములుతున్నట్టు నోరు దానంతటదే ఆడుతుంది.

మా చుట్టాల్లో ఒక ఇంట్లో జరిగింది చెబుతాను. డిగ్రీ చదివే పిల్లకి ఈ జబ్బు చేసింది. మందు మొదలుపెట్టిన రెండు నెలలకి తేరుకుంది, జడ తనే వేసుకుంటోంది, పుస్తకం పట్టుకుంటోంది. నాలుగో నెలలో బయట చేరటం ఆగిపోయింది. ఇంకొన్నాళ్ళకి జాకెట్టు మీద పాల మరకలు! పెళ్ళికాని పిల్ల. తల్లికి నోట మాట పడిపోయింది. నాయనమ్మ తలుపు వేసి ఆ పిల్లని గుచ్చిగుచ్చి అడిగిందిట. అసలే లోకమంతా తనని అనుమానిస్తోందని భయపడే జబ్బు, ఇప్పుడు ఇంట్లోవాళ్ళు నిజంగానే అనుమానించారు. లేడీ డాక్టరు ఏమీ లేదన్నాక, తప్పు మాత్రదేనని వాటిని పెంటకుప్ప మీద పారేశారు. ఆరు వారాల్లో గొంతులు తిరిగొచ్చాయి. ఈసారి మరింత గట్టిగా. చివరికి వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళితే, ఆవిడ ఒక్క రక్తపరీక్ష చేయించి, నాలుగో దారి బొమ్మ కాగితం మీద గీసి చూపించి, మందు మార్చారు. మూడు నెలలకి పిల్ల మామూలయింది. మొదట మందు రాసినాయన ‘అమ్మా, నెల తప్పవచ్చు, పాలు కనిపించవచ్చు, కంగారుపడి మందు మానెయ్యకండి, నాకు చెప్పండి’ అని ఒక్క మాట అని ఉంటే ఎంత బావుండేది! తల్లితో అలాంటి సంగతి మాట్లాడటం ఆయనకి మొహమాటమయిందో ఏమో.

దూది ఎంత పెట్టాలన్నదానికి కూడా లెక్కలు వచ్చాయి. మన దేశం నుంచి కెనడా వెళ్ళిన షితిజ్ కపూర్ అనే డాక్టరు 2000లో తన సహచరులతో కలిసి 22 మంది రోగుల మెదళ్ళు యంత్రంలో చూశారు. నూటికి సుమారు 65 చెవులు మూసుకుంటే గుణం కనిపిస్తుంది. 72 దాటితే ప్రొలాక్టిన్ పెరుగుతుంది. 78 దాటితే వణుకు, బిగుసుకోవటం. చూశారా, మేలుకీ కీడుకీ మధ్య ఎంత సన్నని గట్టో! ఎక్కువిస్తే త్వరగా తగ్గుతుందని ఒకప్పుడు చేటలతో పోసినట్టు హాలోపెరిడాల్ పోశారు. ఆ అదనమంతా వణుకు కింద ఖర్చయిందే గాని గుణం పెంచలేదు.

ఇదే కపూర్ గారు 2003లో మరో మాట చెప్పారు, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. డోపమీన్ పని ‘ఇది నీకు ముఖ్యం, ఇటు చూడు’ అని మనసుకి గంట కొట్టటమట. పొయ్యి మీద పాలు పొంగుతున్న చప్పుడు నాలుగు గదుల అవతలున్నా మనకి వినిపిస్తుంది, రోడ్డు మీద లారీల మోత వినిపించదు. ఆ గంట వేళాపాళా లేకుండా మోగితే? పక్కింటి కుక్కరు మూడు కూతలు కూసింది, అది నాకు సంకేతం. ఎదురింటాయన దగ్గాడు, నన్ను చూసే. అలా అర్థం లేనివాటికల్లా అర్థం పుట్టుకొస్తుంది. ఆ అర్థాలన్నీ కలిపి మనసు ఒక కథ అల్లుకుంటుంది. మాత్ర ఆ కథని చెరపదు, గంట ఆపుతుంది. అందుకే మందు వాడేవాళ్ళు ‘గొంతులు పోలేదు గాని ఇప్పుడు పట్టించుకోబుద్ధి కావటంలేదు’ అంటారు. లబోరీ గారు ఆపరేషన్ బల్ల దగ్గర చూసిన నిశ్చింత ఇదే కదూ! ఇందులో మరో బాధ కూడా ఉంది. గంట మరీ ఆగిపోతే పండగపూట కొత్తచీర కూడా ముఖ్యమనిపించదు, తనకిష్టమైన పాట కూడా చప్పగానే ఉంటుంది. రోగి మాత్ర ఉమ్మేస్తే ‘మొండితనం’ అని కసురుకునేవాళ్ళు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

డోపమీన్‌తోనే కథంతా అయిపోతే బావుండేది. కాలేదు. స్విట్జర్లాండులో 1958లో తయారైన క్లోజపీన్ అనే మందు ఆ చెవులకి వదులుగా అతుక్కుంటుంది, అయినా మొండి జబ్బుకి అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. 1975లో ఫిన్లండులో అది వాడినవారిలో కొందరికి రక్తంలో తెల్లకణాలు పడిపోయి 8 మంది చనిపోయారు. మందు మూలపడింది. 1988లో అమెరికాలో వేరే ఏ మందుకీ లొంగని 268 మందిని రెండు జట్లు చేసి చూస్తే, క్లోజపీన్ జట్టులో నూటికి 30 మందికి గుణం కనిపించింది, పాత మందు జట్టులో 4గురికే. అప్పటినుంచి క్రమం తప్పకుండా రక్తపరీక్ష చేయించుకుంటూ వాడుతున్నారు.

మందులొచ్చాక పడమటి దేశాల్లో పెద్ద పెద్ద ఆసుపత్రులు ఖాళీ అయ్యాయి. అమెరికా ప్రభుత్వాసుపత్రుల్లో 1955లో సుమారు 5 లక్షల 59 వేల మంది ఉండేవారు, తర్వాత ఏటేటా తగ్గిపోయారు. బయటికొచ్చినవాళ్ళు ఎక్కడికి పోవాలన్నది ఎవరూ సరిగా ఆలోచించలేదు. చాలామంది వీధుల పాలయ్యారు. మన దగ్గర అంత ఆసుపత్రులూ లేవు, అంత వీధుల పాలవటమూ లేదు, ఇంట్లో ఆడవాళ్ళు ఉన్నారు గనక. అమృత్‌సర్‌లో విద్యాసాగర్ అనే డాక్టరు 1950లలో ఆసుపత్రి ఆవరణలో డేరాలు వేయించి రోగితోపాటు ఇంటివాళ్ళనీ ఉండమన్నారు. మన దేశంలో మొట్టమొదటి మహిళా మానసిక వైద్యురాలు శారదా మీనన్ మద్రాసు కీల్పాక్ ఆసుపత్రికి 1961 నుంచి సూపరింటెండెంటుగా చేసి, 1984లో స్కిజోఫ్రీనియా రోగుల కోసమే ఒక సంస్థ పెట్టారు. మాత్ర ఇచ్చి పంపిస్తే చాలదు, పని నేర్పాలి, ఇంటివాళ్ళకి నచ్చజెప్పాలి అన్నది ఆవిడ పట్టు. 2021లో పోయారు, దాదాపు నూరేళ్ళు బతికి.

కార్ల్‌సన్ గారికి 2000లో నోబెల్ వచ్చింది, కుందేళ్ళు లేచి కూర్చున్న 43 ఏళ్ళకి. ‘తల్లి పెంపకం’ సిద్ధాంతం అప్పటికి పుస్తకాల్లోంచి పోయింది. ఏ తల్లికీ ఎవరూ క్షమాపణ మాత్రం చెప్పినట్టు లేదు.

ఇక తాజా కబురు. 1990లలో మతిమరుపు జబ్బున్న పెద్దవాళ్ళకి జ్ఞాపకశక్తి పెంచుదామని జానోమెలీన్ అనే మందు ఇచ్చి చూశారు. జ్ఞాపకశక్తి మాట ఎలా ఉన్నా, లేనివి కనిపించటం, వినిపించటం తగ్గాయి. వాంతులు, వికారం భరించలేక దాన్ని పక్కన పెట్టారు. తర్వాత ఎవరికో ఆలోచన తట్టింది. మూత్రాశయానికి వాడే ట్రోస్పియం అనే పాత మందు మెదడులోకి వెళ్ళదు, కడుపులో జరిగే అల్లరిని మాత్రం అణుస్తుంది. రెండిటినీ ఒకే గొట్టంలో పెట్టారు. 2024 సెప్టెంబరులో అమెరికాలో స్కిజోఫ్రీనియాకి అనుమతి వచ్చింది. డోపమీన్ చెవుల జోలికి పోకుండా, అసిటైల్‌కోలీన్ అనే వేరే వాకిట్లోంచి లోపలికి వెళ్ళే మొదటి మందు ఇదే. వికారం, మలబద్ధకం ఇంకా ఉన్నాయి. అది సరిగ్గా ఎలా పనిచేస్తోందో తేల్చే పనిలో ఉన్నారు శాస్త్రజ్ఞులు.